పగిలిన ప్లాస్టిక్‌కు వంటసోడానా, ఫైబర్ గుడ్డా?

టేబుల్ ఫ్యాన్ అడుగు దిమ్మ పగిలితే ముందు సూపర్ గ్లూ, వంటసోడా ప్రయత్నించాను. పగులులో సోడా చల్లి గ్లూ చుక్క వేయగానే వేడెక్కి, సెకన్లలో రాయిలా బిగిసింది. పెచ్చు ఊడిన చోట ఖాళీ పూడ్చడానికి ఇది భలే పనికొస్తుంది. కానీ పెళుసు. ఫ్యాన్ అదురుకి వారంలోనే మళ్లీ చీలింది.

రెండోసారి ఉప్పు కాగితంతో రుద్ది, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి, గాజు పోగులతో నేసిన ఫైబర్ గ్లాస్ గుడ్డ ముక్కను అందులో తడిపి లోపలి వైపు అతికించాను. లాగుడును ఎక్కువగా మోసేది జిగురు కాదు, గాజు పోగులు. అందుకే అవి పగులుకు అడ్డంగా పడాలి. రాత్రంతా ఆగాలి, గ్లవుజులు తప్పవు. అయినా నా ఓటు దీనికే. బకెట్లకు మాత్రం రెండూ దండగే, ఆ రకం ప్లాస్టిక్‌ను జిగురు సరిగ్గా పట్టుకోదు.