ఆటోమేటిక్ హోండా సిటీకి క్లచ్ పెట్టించాను: ఆటోనగర్ షెడ్డు పనితనం

క్లచ్ లేని ఆటోమేటిక్ కారుని క్లచ్, గేర్లు ఉన్న మాన్యువల్‌గా మార్పించాను. షెడ్డుకి మార్కులు ముందే చెప్పేస్తాను. గేర్‌బాక్సు పనికి ఐదుకి ఐదు. వైరింగుకి రెండు. చెప్పిన టైముకి బండి ఇచ్చినందుకు సున్నా. షెడ్డు పేరు రాయను. విజయవాడ ఆటోనగర్‌లో వంద అడుగుల రోడ్డు పక్క సందులో ఉంది, అంతవరకే.

మాది తెనాలి, మందుల షాపు. బండి 2007 హోండా సిటీ జెడ్ఎక్స్, సీవీటీ ఆటోమేటిక్. ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. క్లచ్ ఉంటే స్టీరింగే పట్టనని మా ఆవిడ తేల్చి చెప్పింది, అందుకని. 1497 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లకి ఎనిమిది ప్లగ్గులు. ఐడిలింగ్‌లో ఉంటే బండి ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, అంత మెత్తన. 2022లో పదిహేనేళ్లు నిండాయి. గ్రీన్ టాక్సు కట్టి ఇంకో ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. డబ్బు కట్టాక ఇక ఆ బండిని అమ్మబుద్ధి కాలేదు.

తర్వాతి ఏడాది నుంచి వణుకు మొదలైంది. ఆగి కదిలేటప్పుడు బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు గడగడలాడేది. ఉండవల్లి సెంటర్ ట్రాఫిక్‌లో అయితే పక్క ఆటోవాళ్లు తొంగి చూసేవాళ్లు. ఈ సీవీటీలో గేర్లుండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది, పుల్లీల వెడల్పు మారితే స్పీడు మారుతుంది. బండిని నిలబడ్డచోటి నుంచి కదిలించేది లోపల ఆయిల్లో మునిగి ఉండే స్టార్ట్ క్లచ్. దానికి పోయాల్సిన ఆయిల్ వేరు. నాకు అమ్మినాయన ఎక్కడో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోయించాడట, పాత బిల్లుల్లో బయటపడింది. కాబట్టి కంపెనీని తిట్టడానికి నాకు నోరు లేదు. సరైన ఆయిల్ రెండుసార్లు మార్పించినా వణుకు తగ్గలేదు.

సర్వీస్ సెంటర్లో కొత్త సీవీటీ యూనిట్టు వేస్తే లక్షా ఎనభై వేలన్నారు. బండి అమ్మితే లక్షా పాతిక వస్తుందేమో. ఆ లెక్క విన్నాకే ఆటోనగర్ వెళ్లాను.

పెద్ద మేస్త్రీకి అరవై దాటుంటాయి. బండి ఎక్కి సందు చివరిదాకా నడిపి వచ్చి, "దీన్ని బాగుచెయ్యొద్దు సార్, మార్చేద్దాం" అన్నాడు. అదే సిటీ మాన్యువల్లో ఐదు గేర్ల బాక్సు ఉంటుంది, ఇంజను అదే, కాబట్టి బోల్టుకి బోల్టు కూర్చుంటుందన్నాడు. అబద్ధం కాదు. కానీ కూర్చునేది గేర్‌బాక్సు ఒక్కటే, మిగతావి ఎన్నో! ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్లచ్ పెడలు, దానికి తగ్గ చిన్న బ్రేకు పెడలు (ఆటోమేటిక్‌లో బ్రేకు పెడలు పీటంత వెడల్పు), గేర్ రాడ్డు, దాని కేబుళ్లు, రెండు యాక్సిల్ షాఫ్టులు, గేర్‌బాక్సు మౌంటింగులు.

ఇక్కడ మేస్త్రీకి దణ్ణం పెట్టాలి. నేను చిల్లరగా ఒక్కోటి కొందామంటే ఒప్పుకోలేదు. "పది బండ్లవి కలిపితే పదకొండు చప్పుళ్లొస్తాయి" అన్నాడు. వెనక నుంచి గుద్దించుకుని తుక్కుకొచ్చిన మాన్యువల్ సిటీ ఒకటి దొరికేదాకా ఆగమన్నాడు. నెలన్నర ఆగాను. దొరికాక నన్ను తీసుకెళ్లి, గేర్‌బాక్సు దించకముందే ఆ బండి ఇంజను స్టార్ట్ చేయించి, ముందు చక్రాలు గాల్లోకి లేపి ఐదు గేర్లూ, రివర్సూ వేసి చూపించాడు. రిటర్న్ తీసుకోని వ్యాపారంలో ఇంతకంటే నిజాయితీ ఏం కావాలి? ఆ సరంజామా మొత్తం ఇరవై ఆరు వేలు.

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మాత్రం కొత్తవే వేశాడు, ఫ్లైవీలు లేత్ మీద పట్టించాడు: ఎనిమిదిన్నర వేలు. మజూరీ పదహారు వేలు. ఆయిలు, సీళ్లు, మౌంటింగులు నాలుగు వేలు. పాత సీవీటీని తుక్కువాడు తూకానికి తీసుకున్నాడు, ఆ డబ్బులు కుర్రాళ్ల టీలకి పోయాయి.

"ఐదు రోజులు సార్" అన్నాడు. డిసెంబరు 2న వదిలితే 21న వచ్చింది బండి.

మొదటి వారంలోనే గేర్‌బాక్సు ఎక్కేసింది. మిగతా రోజులన్నీ కరెంటు పని మింగింది. వాళ్లు మొదట నా పాత ఈసీయూనే (ఇంజనుని నడిపించే కంప్యూటరు) ఉంచారు. దానికి సీవీటీ కనపడకపోయేసరికి మీటర్లో 'డి' (డ్రైవ్) లైటు కొట్టుకోవడం, చెక్ ఇంజన్ లైటు, ఐడిలింగ్ ఎగుడుదిగుడు. "లైటే కదా, బల్బు పీకేస్తే సరి" అన్నాడు వైరింగు కుర్రాడు. నాకు మండింది. రోగం ఉండగా బీపీ మిషన్ దాచేసినట్టు! మాన్యువల్ ఈసీయూ వెయ్యమన్నాను. తుక్కుబండిదే ఐదు వేలకి దొరికింది. తీరా పెడితే ఇంజను స్టార్టవుతుంది, వెంటనే ఆగిపోతుంది. ఇమ్మొబిలైజర్. తాళంచెవిలో ఉండే చిప్పుని ఈసీయూ గుర్తుపట్టాలి, పట్టకపోతే పెట్రోలు వదలదు. ఆ బండి తాళం ఏదని అడిగితే తుక్కుకొట్టువాడు నవ్వాడు. చివరికి తాళాలు ప్రోగ్రాం చేసే మనిషిని పిలిపిస్తే నాలుగున్నర వేలు తీసుకుని అరగంటలో తేల్చాడు. తుక్కుబండి కొనేటప్పుడు ఈసీయూ, తాళంచెవి కలిపి తీసుకోవాలని మేస్త్రీకి తెలిసుండాల్సింది. తెలీదో, మర్చిపోయాడో. ఆ డబ్బు నాదే పోయింది.

మొత్తం అరవై నాలుగు వేలు.

బండి ఇంటికొచ్చిన రోజు ఇంకో చిత్రం. ఇంజను ఆపాక తాళంచెవి బయటికి రాదు. ఆటోమేటిక్‌లో గేరు 'పి'లో (పార్కింగ్) పెడితేనే తాళం వదిలే ఏర్పాటు ఉంటుంది. ఇప్పుడు 'పి' అనేదే లేదు. ఆ రాత్రి తాళం బండికే వదిలేసి గేటుకి రెండు తాళాలు వేశాను. మర్నాడు మళ్లీ ఆటోనగర్. అదే రోజు రివర్స్ లైటు వెలగడం లేదని కూడా చూపించాను. మాన్యువల్ బాక్సు మీద దానికి వేరే స్విచ్చు ఉంటుంది, వైరు కలపలేదంతే. పది నిమిషాల పని. మొదటిసారే చూసుకుంటే నాకు ముప్ఫై కిలోమీటర్లు రానూపోనూ మిగిలేవి.

మీటరు మాత్రం నాదే ఉంచమన్నాను. తుక్కుబండి మీటరు వేస్తే ఆటోమేటిక్ గేరు చూపించే పీఆర్ఎన్‌డీ అక్షరాలుండవు, చూడ్డానికి నీటుగా ఉంటుందన్నారు. కానీ అందులో తిరిగిన కిలోమీటర్లు వేరు. రేపు కొనేవాడికి అది అబద్ధం అవుతుంది. ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి, వెలగవు.

కాగితాల సంగతి. ఆర్సీలోని వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం ఏవీ మారలేదు కానీ నా ఆర్సీలో మోడల్ పేరు పక్కన సీవీటీ అని ఉంది. అందుకని బిల్లులన్నీ జతచేసి ఇన్సూరెన్స్ వాళ్లకి ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకున్నాను. మీరైతే పని మొదలెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. షెడ్డులో అడిగితే "ఎవరు చూస్తారు సార్" అంటారు. యాక్సిడెంటు అయినప్పుడు చూస్తారు.

నడపడం ఎలా ఉందంటే, వేరే బండి కొన్నట్టుంది. సీవీటీలో యాక్సిలరేటరు తొక్కితే ముందు ఇంజను అరిచేది, బండి ఆలోచించి కదిలేది. ఇప్పుడు రెండో గేరులో కోటప్పకొండ ఘాట్ రోడ్డు నలుగురితో ఎక్కింది, మలుపులో ఆగి మళ్లీ కదిలితే వణుకు లేదు. ఊళ్లో లీటరుకి పదకొండు వచ్చేది పదమూడు వస్తోంది. ఎనిమిది నెలల్లో ఆరు వేల కిలోమీటర్లు తిరిగాను, గేర్‌బాక్సు కింద ఆయిల్ చుక్క లేదు.

ఒక జాగ్రత్త. ఇప్పుడు గేరులో ఉన్నా స్టార్టర్ తిరుగుతుంది, గేరులో ఉంటే స్టార్ట్ కానివ్వని ఆటోమేటిక్ అడ్డు తీసేశారు కాబట్టి. ఈ సంగతి మా బావమరిదికి చెప్పలేదు. మొదటి గేరులో ఉండగా తాళం తిప్పాడు, బండి గెంతి గుమ్మం ముందున్న రెండు పూలకుండీలు పగలగొట్టింది.

ఇక అసలు నష్టం. ఏ మనిషి కోసం ఆటోమేటిక్ కొన్నానో ఆవిడ ఇప్పుడు బండి ముట్టుకోదు. నేర్పుతానంటే, "అరవై నాలుగు వేలు పోసి నా బండిని నీ బండి చేసుకున్నావు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. స్కూటీ మీద బజారుకెళ్తోంది.

ఈ మధ్య క్లచ్ కాస్త పైకొచ్చాక పడుతోంది. సర్దించడానికి శనివారం ఆటోనగర్ వెళ్లాలి, మేస్త్రీ ఫోనెత్తితే.