లాక్ డెర్గ్‌లో హోలీ ఐలాండ్: గాలి ఒప్పుకుంటేనే

హోలీ ఐలాండ్ అనే పాత మఠం దీవికి వెళ్లాలనుకునేవాళ్లకి ముందుగా ఒక జాగ్రత్త. ఐర్లండ్‌లో లాక్ డెర్గ్ పేరుతో రెండు సరస్సులున్నాయి. ఒకటి ఉత్తరాన డొనెగల్‌లో. అక్కడా ఒక దీవి ఉంది, మూడు రోజులు ఉపవాసం ఉండి చెప్పుల్లేకుండా తిరిగే యాత్రికులు వెళ్లేది దానికి. మేం వెళ్లాల్సింది షానన్ నది మీదున్న రెండోదానికి, క్లేర్ కౌంటీ వైపు. మ్యాప్‌లో సరస్సు పేరు కాదు, 'మౌంట్‌షానన్' అని ఊరి పేరు కొట్టండి. నేను సరస్సు పేరు కొట్టాను. డబ్లిన్ దాటి అరగంట పోయాక, వెనక సీట్లోంచి మా అత్తయ్యగారు "దక్షిణానికి కదా బాబూ పోవాల్సింది, పొద్దుటి ఎండ ఎడం పక్కన పడాలి" అన్నారు. గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైన మనిషి చెప్పేదాకా నాకు తట్టలేదు.

మౌంట్‌షానన్ చేరేసరికి గాలి లేచింది. పడవాయన నీళ్ల వైపు ఒకసారి చూసి, ఇవాళ కుదరదు, రేపు పొద్దున ఫోన్ చేయమన్నాడు. ఒక్కరోజులో వెళ్లొద్దామనుకునేవాళ్లకి ఇదే అసలు టెన్షన్. మేం ఒక రాత్రి బస పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది.

ఖాళీగా దొరికిన మధ్యాహ్నం 'కిల్లలో' (Killaloe) అనే ఊరికి వెళ్లాం. వెయ్యేళ్ల కిందట ఐర్లండ్‌ని ఏలిన బ్రయన్ బోరు రాజధాని ఆ ఊరే. అక్కడి సెయింట్ ఫ్లానన్ కెథెడ్రల్‌లో ఒక రాతిముక్క ఉంది. దాని మీద స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల రూనిక్ లిపి, ఐరిష్ వాళ్ల ఓగమ్ లిపి రెండూ చెక్కి ఉన్నాయి. ఓగమ్‌లో ఉన్నది తోర్గ్రిమ్ అనే వైకింగ్ పేరున్నవాడికి దీవెన. దోచుకోవడానికి వచ్చినవాళ్లలో ఒకడి వారసుడు ఇక్కడే ప్రార్థన చేయించుకున్నాడన్నమాట. ఊరు మాత్రం ఒక గంటలో అయిపోతుంది.

మర్నాడు పడవ కదిలింది. చిన్న పడవ, లైఫ్ జాకెట్లు ఇచ్చారు, పావుగంట ప్రయాణం. ఈ చుట్టుపక్కల తెల్లతోక గద్దలు గూడు కడతాయి. నార్వే నుంచి తెచ్చి వదిలిన పక్షులవి. ఐర్లండ్‌లో వందేళ్లకు పైగా అంతరించాక, 2013లో ఇక్కడే మళ్లీ పిల్లలు ఎగిరాయి. మాకు మాత్రం ఒక్కటీ కనపడలేదు.

దీవి అసలు పేరు ఇనిష్ కెల్ట్రా. 7వ శతాబ్దంలో సెయింట్ కేమిన్ ఇక్కడ మఠం నడిపాడు. వైకింగులు రెండుసార్లు వచ్చి దోచారు. బ్రయన్ బోరు సోదరుడు మార్కాన్ ఇక్కడ మఠాధిపతిగా ఉన్నాడు. ఇప్పుడు మిగిలినవి పాడుబడ్డ చర్చిలు, 20 మీటర్లకు పైనే ఉన్న రౌండ్ టవర్, గడ్డి, గొప్ప నిశ్శబ్దం. టవర్ తలుపు నేలకి చాలా ఎత్తులో ఉంటుంది, నిచ్చెన లేకపోతే చేరలేం. పైన ఉండాల్సిన శంకు ఆకారపు కప్పు లేదు.

నాకు బాగా నచ్చినవి సమాధి పలకలు. ఒకదాని మీద పాత ఐరిష్‌లో 'పదిమంది సమాధి' అని మాత్రమే ఉంది. ఎవరా పదిమంది, ఒకేసారి ఎలా పోయారు? దాని దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఇంకోచోట బేరాల రాయి ఉంది. దాని కింది సందులోంచి చేయి చేయి కలిపితే ఒప్పందం ఖాయమైనట్టట. పెళ్లి సంబంధాలు కూడా అలాగే కుదుర్చుకునేవారట. "కట్నం మాటలు ఎటువైపు నుంచి మొదలుపెట్టేవారో" అని అత్తయ్యగారి సందేహం.

ఇక్కడ నాగార్జునకొండ గుర్తు రాని తెలుగువాడు ఉండడు. లాంచీ దిగి, ఎండలో విహారాల పునాదుల మధ్య నడవడం. అయితే అక్కడ డ్యామ్ కడుతున్నప్పుడు మునిగిపోయే కట్టడాల్ని పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. ఇక్కడి రాళ్లు కట్టినచోటే ఉన్నాయి. పైగా ఈ శ్మశానం ఇంకా వాడుకలో ఉంది. ఒక సమాధి మీద కొత్త పూలు చూసి, శవాన్ని ఎలా తెస్తారని అడిగాం. "పడవలోనే" అన్నాడు పడవాయన. గాలి ఉంటే? "ఆగుతాం."

దీవి మీద మాకు టీ కొట్టు గానీ, టాయ్‌లెట్ గానీ కనపడలేదు. పులిహోర డబ్బా పట్టుకెళ్లడం మంచిదైంది. గడ్డి తడిగా ఉండి చెప్పులతో అత్తయ్యగారు ఇబ్బంది పడ్డారు, బూట్లు వేయించాల్సింది.

ఇంత తిప్పలు వద్దనుకుంటే కిల్లార్నీలో ఇనిస్‌ఫాలెన్ దీవి ఉంది. డబ్లిన్ నుంచి 'మాలో' (Mallow) అనే స్టేషన్‌లో మారి రైల్లో వెళ్లొచ్చు. రాస్ కాజిల్ దగ్గర పడవ ఎక్కడమే. ప్రసిద్ధమైన ఇనిస్‌ఫాలెన్ వార్షిక చరిత్ర రాసిన సన్యాసుల మఠం అది. ఆ రాతప్రతి మాత్రం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. హోటళ్లకి కొదవ లేదు, పిల్లలున్నవాళ్లకి అదే సుఖం. కానీ రెండూ చూసినవాణ్ని కాబట్టి చెప్తున్నా, రౌండ్ టవర్, సమాధి పలకలు, మనుషుల అలికిడి లేకపోవడం, వీటిల్లో మౌంట్‌షానన్ వైపే నా ఓటు.

బస విషయంలో దెబ్బతిన్నాం. ఆన్‌లైన్‌లో 'సరస్సు కనిపించే గది' అని పెట్టిన ఇంట్లో సరస్సు బాత్రూమ్ కిటికీలోంచి, అదీ మునివేళ్ల మీద నిలబడితేనే కనిపించింది. పరుపు, వేడినీళ్లు బాగున్నాయి, అబద్ధం ఎందుకు. శాకాహారులని ముందే చెప్పినా పొద్దున పళ్లెంలో బేకన్ వచ్చింది. ఇంటావిడ నొచ్చుకుని, ఓట్స్ జావ కాచి, ఆపిల్ ముక్కలు కోసిచ్చింది. ఈసారి వెళ్తే 'కిల్లలో' ఊళ్లోనే దిగుతాను. అక్కడ తినడానికి చోట్లున్నాయి, మౌంట్‌షానన్‌కి కారులో అరగంట లోపే. పడవాయనకి ముందురోజే కాక పొద్దున బయల్దేరే ముందు కూడా ఫోన్ చేస్తాను.