హర్లీ డైరీ వెంటబెట్టుకుని ఈపర్‌లో రెండు రోజులు

బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు "పారిస్ పోదాం అన్నయ్యా, ఆ సమాధుల ఊరెందుకు?" అని గొణుగుతూనే బయల్దేరాడు. నన్ను ఈపర్‌కు లాగినవాడు ఫ్రాంక్ హర్లీ. ధ్రువ యాత్రికుడు షాకిల్టన్ వెంట అంటార్కిటికా వెళ్లి, ఓడ మంచులో నలిగిపోతే గడ్డకట్టే నీళ్లలోకి దిగి గాజు నెగటివ్‌లను పైకి తెచ్చిన ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 ఆగస్టులో, గౌరవ కెప్టెన్ హోదాతో తమ సైన్యానికి అధికారిక ఫొటోగ్రాఫర్‌గా ఈ బెల్జియం బురదలోకి వచ్చాడు. ఆ రోజుల డైరీ సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది. ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. దాన్నీ, కొన్ని ఫొటోలనూ ఫోనులో పెట్టుకున్నాను.

ఈ ఊరి పేరు చరిత్ర పుస్తకాల్లో ఈప్ర్ అని ఉంటుంది, రైల్వే బోర్డు మీద మాత్రం ఈపర్. స్టేషన్ నుంచి చౌకు దాకా నడకే. ఎదురుగా బట్టల వర్తకుల పాత భవనం, క్లాత్ హాల్. 1914 నవంబరులో ఫిరంగులకు కాలిపోయింది. హర్లీ చూసినప్పటికి మొండి గోడలే. ఇప్పుడున్నది తిరిగి కట్టినది, పని ముగిసేసరికి 1967 అయింది. అందులోని మ్యూజియానికి మూడు గంటలైనా పెట్టుకోండి. గంట గోపురానికి 231 మెట్లు. మోకాళ్లు బాగుంటేనే ఎక్కండి.

బసలో తప్పు నాదే. చౌకు దగ్గర దొరికిన చవక గదికి మూడంతస్తులు ఎక్కాలి, లిఫ్టు లేదు, వేడినీళ్లు ఇద్దరికి చాలలేదు. రెండో రాత్రికి పక్క ఊరు జొన్నెబెకె వైపు ఒక రైతు ఇంటి గదికి మారాం. ధర ఇంచుమించు అంతే, తీరు మాత్రం పూర్తిగా వేరు. ఉదయం ఆ పెద్దాయన మమ్మల్ని రోడ్డు దాకా తీసుకెళ్లి ఒక స్తంభం మొదట్లో పెట్టి ఉన్న వస్తువును చూపించాడు. మూరెడు పొడవు, తుప్పు పట్టి బెల్లపు రంగుకు తిరిగిన ఫిరంగి గుండు. ముందురోజు దుక్కిలో నాగలికి తగిలిందట. సైన్యం బండి వచ్చి పట్టుకుపోతుంది, తాకకండి అన్నాడు. వందేళ్లు దాటినా పంటతో పాటు ఇవీ వస్తూనే ఉన్నాయి. వచ్చిన కొత్తలో హర్లీ ఇక్కడి హిల్ 60 అనే గుట్ట మీద నిలబడి, అన్నీ ఊడ్చుకుపోయాయని, చెట్ల మోడులు తప్ప ఏమీ లేవని, నేలంతా కొత్తగా దున్నినట్టుందని రాసుకున్నాడు. ఆ మాట నాకు ఈ గుండు పక్కనే అర్థమైంది. హిల్ 60కి కూడా వెళ్లాం, టికెట్టు లేదు, గడ్డి కప్పిన గుంటల మధ్య అరగంట చాలు.

శాకాహారులకు ఒక ముందుమాట: బంగాళాదుంప వేపుళ్లే దిక్కు. పులిహోర కట్టుకెళ్లి మంచిపని చేశాం.

మెనిన్ రోడ్డు మీద హూగె దగ్గర అసలు ఆశ్చర్యం. 1917 అక్టోబరు 29న హర్లీ షాటో వుడ్ అనే అడవిలో తీసిన ఫొటో మీరూ చూసే ఉంటారు: కాలిపోయిన మోడుల మధ్య, నీళ్ల గుంటల మీద పరిచిన చెక్కబాటపై వరసగా నడుస్తున్న ఐదుగురు సైనికులు. ఆ చోటు వెతుక్కుంటూ వెళితే పిల్లల కేకలు వినిపించాయి. పక్కనే వినోద పార్కు, రోలర్ కోస్టర్! మొదట కోపం వచ్చింది, కాసేపటికి పోయింది. రోడ్డు మీద పాత ప్రార్థనా మందిరంలో నడుపుతున్న చిన్న మ్యూజియం, దానికి ఎదురుగా దాదాపు ఆరువేల సమాధులు. సగానికి పైగా రాళ్ల మీద పేరు లేదు.

సాయంత్రం ఏడుంపావుకే యుద్ధ స్మారక ద్వారం మెనిన్ గేట్ చేరండి, ఆలస్యమైతే వెనక వరసే. చనిపోయిన సైనికుల గౌరవార్థం ఎనిమిదింటికి బాకాలు ఊదుతారు. 1928లో మొదలైంది; 1929 నుంచి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలం తప్ప, ప్రతి రాత్రీ ఇదే. సమాధి కూడా దొరకని 54 వేల మందికి పైగా పేర్లు గోడల మీద ఉన్నాయి. వాటిలో మన సిపాయిల పేర్లు చూసేసరికి తమ్ముడి గొణుగుడు ఆగింది. ఈ చుట్టుపక్కలే, హోలెబెకె దగ్గర, 1914 అక్టోబరు 31న సిపాయి ఖుదాదాద్ ఖాన్ చూపిన తెగువకు బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. భారతీయ సైనికుల్లో అది మొదటిది.

రెండోరోజు అద్దె సైకిళ్ల మీద జొన్నెబెకె. ఒక సైకిలుకు బ్రేకు సరిగా లేదు, తీసుకునే ముందు చూసుకోండి. పాత రైలుదారి ఇప్పుడు నడకబాట. 1917 అక్టోబరులో శవాల మధ్య హర్లీ తిరిగింది ఇక్కడే. ఈ దాపులనే జరిగిన పాసెండేల్ యుద్ధం మర్నాటి ఉదయమంటూ అతను చూపిన ఫొటోలో మబ్బులు చీల్చుకొచ్చే వెలుగు ఈ చోటిది కాదు, వేరే నెగటివ్ నుంచి తెచ్చి అతికించాడు. యుద్ధం మొత్తం ఒక నెగటివ్‌లో పట్టదని అతని వాదన. ఆస్ట్రేలియా యుద్ధ విలేకరి చార్లెస్ బీన్‌కు అది పచ్చి మోసం. గొడవ రాజీనామా బెదిరింపు దాకా వెళ్లింది. 12 నెగటివ్‌లు కలిపిన దాడి దృశ్యాన్ని 1918లో లండన్‌లో గోడంత చేసి ప్రదర్శించాడు కూడా. ఇంతకాలం నేను బీన్ పక్షమే. డైరీలో అతికింపు లేని మాటలు రాసిన మనిషికి ఫొటోలో ఆకాశం ఎందుకు చాలలేదని విసుక్కునేవాణ్ని.

ఆ బాట మీద తమ్ముడు నన్ను ఫొటో తీశాడు. వెనక బీట్‌రూట్ పొలం, పైన బూడిదరంగు తప్ప ఏమీ లేదు. "ఆకాశం మార్చమంటావా? ఒక్క నొక్కు చాలు" అన్నాడు. వద్దన్నాను. తిరుగు రైల్లో చూస్తే మార్చేసి ఇంటికి పంపేశాడు. నిజం చెప్పాలంటే, బాగుంది.