కోరాపుట్ రథయాత్ర: బస కొండపైనా, జయపురంలోనా?

ఆషాఢ శుద్ధ విదియకి ఒడిశాలో కొండమీది కోరాపుట్‌లో ఉన్న జగన్నాథ ఆలయం, శబర శ్రీక్షేత్రం రథం చూడబోయే రాయగడ వాళ్లకు ఏటా ఇదే మీమాంస.

ఖర్చు: కోరాపుట్‌లో గదులు తక్కువ, పండగ రేటు పలుకుతుంది. కొండ దిగువనున్న జయపురం (జేపూర్) పెద్ద ఊరు, బేరానికి వీలుంటుంది.

శ్రమ: కోరాపుట్‌లో దిగితే నడిచి వెళ్లి తాడు పట్టొచ్చు. జయపురం నుంచైతే సుమారు 22 కిలోమీటర్లు, ఘాట్ ఎక్కాలి.

ముప్పు: అసలు చిక్కు వానే. సాయంత్రం మబ్బు దిగిందంటే మలుపులో ఎదురొచ్చే లారీ లైటు దగ్గరికొచ్చేదాకా కనబడదు. బైకు మీద వచ్చినవాళ్లు చీకటి పడకముందే దిగిపోవాలి. రథం ఆలస్యంగా కదిలితే తాడు మీద ఆశ వదులుకోవడమే. రైలే నయమా అంటే, చరియలు విరిగిపడితే అదీ ఆగుతుంది.

ముసలివాళ్లు వెంట ఉంటే కోరాపుట్టే: గది ముందే, శాలువా తప్పనిసరి. కారుండి, పగటి దర్శనం చాలనుకుంటే జయపురం. గుంపు పడనివాళ్లకు దశమి నాటి బాహుడా (తిరుగు రథయాత్ర) ఉండనే ఉంది.