యాక్సిడెంట్ క్లెయిమ్‌కి మేం పెట్టుకున్న ఖమ్మం వకీలు: ఐదుకి నాలుగు మార్కులు

యాక్సిడెంట్ కేసులకి మంచి వకీలు ఎవరైనా ఉన్నారా అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. అందుకే మా బావ కేసు చూసిన ఖమ్మం అడ్వకేట్ ఆఫీసు గురించి వివరంగా రాస్తున్నాను. పేరు మాత్రం పెట్టడం లేదు. వకీళ్లు తమ గురించి ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది, ఆయనకి ఆ పట్టింపు ఎక్కువ. "నా పేరు వద్దు బాబూ, ఏ పని ఎందుకు చేశామో రాయి, నలుగురికి పనికొస్తుంది" అన్నారు. అదే రాస్తున్నాను.

బావది టైల్స్ పని. అప్పటికి 34 ఏళ్లు. 2023 చలికాలంలో సూర్యాపేట వైపు ఒక ఇంటి పని ముగించుకుని బండి మీద వస్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన కారు ఎదురుగా గుద్దింది. హెల్మెట్ పెట్టుకున్నాడు కాబట్టి తల దక్కింది, ఆ హెల్మెట్ ఒక పక్క నిలువునా చీలిపోయింది. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారు, బిల్లు 2.6 లక్షలు అయింది, అందులో చాలా భాగం అక్క మెడలోవి కుదువ పెట్టి కట్టిందే. ఎముకైతే అతికింది గానీ మోకాలు సగానికి మించి మడవదు.

ఆసుపత్రిలో ఉండగానే ఒకాయన మంచం దగ్గరికి వచ్చాడు. మేం పిలవలేదు, ఎవరు చెప్పారో తెలియదు. పాతిక లక్షలు ఇప్పిస్తాను, పైసా ముందు ఇవ్వక్కర్లేదు, వచ్చినదాంట్లో మూడో వంతు మాది అని చెప్పి, ఏమీ నింపని వకాలత్ నామా (మన తరఫున కేసు నడపమని వకీలుకి అధికారం ఇచ్చే కాగితం) మీద సంతకాలు పెట్టమన్నాడు. కాలు నొప్పితో మూలుగుతున్న మనిషి చేతికి పెన్ను ఇవ్వడం చూసి నాకు ఒళ్లు మండింది. వచ్చే డబ్బులో ఇంత వాటా అని వకీలు ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. అయినా ఆ పద్ధతిలోనే బేరం పెట్టేవాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి.

కారు ఓనరు తరఫు మనుషులు కూడా వచ్చారు. యాభై వేలు ఇస్తాం, కేసు ఎందుకు, స్టేషన్ చుట్టూ ఏం తిరుగుతారు అని. అక్క కొంచెం మెత్తబడింది, అప్పులవాళ్లు గుర్తొచ్చి ఉంటారు. చివరికి ఒప్పుకోలేదు. ఎఫ్‌ఐఆర్ కొంచెం ఆలస్యంగా నమోదైంది, దాంతో కేసు పోతుందేమోనని టెన్షన్ పడ్డాం. ఆలస్యానికి సరైన కారణం ఉంటే దాన్ని పట్టుకుని క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పిందని తర్వాత ఈ వకీలుగారి దగ్గర తెలిసింది.

ఆయన ఆఫీసు కోర్టుకి దగ్గర్లో, మేడ మీద, ఇరుకు గది. కాలు విరిగినవాళ్లు ఎక్కువగా వచ్చే ఆఫీసుకి అంత నిటారు మెట్లేమిటి అనిపించింది, బావని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. మొదటి రోజు ఎంత వస్తుంది సార్ అని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. డిశ్చార్జ్ సమ్మరీ తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. కాసేపటికి ఒక లైను దగ్గర పెన్సిల్ పెట్టి ఆగారు. అక్కడ "బండి జారి పడిపోవడం వల్ల" గాయమైనట్టు రాసి ఉంది! అడ్మిషన్ హడావుడిలో ఎవరు ఏం రాసుకున్నారో గానీ, కారు అన్న మాటే లేదు. అన్ని వారాలు ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది, ఎవరి కంటా పడలేదు. కారు ఇన్సూరెన్స్ వాళ్లకి ఈ ఒక్క లైను దొరికితే చాలు, యాక్సిడెంట్‌తో మా కారుకి సంబంధమే లేదంటారు అన్నారు ఆయన. జూనియర్‌ని పంపి 108 రికార్డు, మొదట తీసుకెళ్లిన ప్రభుత్వాసుపత్రి ఎంఎల్‌సీ రిజిస్టరు (పోలీసు కేసయ్యే గాయాలు రాసుకునే పుస్తకం) నకలు తెప్పించారు. రెండింట్లోనూ కారు గుద్దినట్టే ఉంది. అనుకున్నట్టే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు మొదటి ప్రశ్న ఆ లైను మీదే వేశాడు, మా వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఈ సర్వీసుకి నేను ఇచ్చే మార్కుల్లో సగం ఈ ఒక్క పనికే.

రెండోది గడువు. మోటారు వాహనాల చట్టంలో 166వ సెక్షన్ కింద క్లెయిమ్ వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు అని 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చారు. అంతకుముందు అలాంటి గడువు లేదు కాబట్టి పాతకాలం వాళ్లు "తొందరేముంది, కాలు నయమయ్యాక చూద్దాం" అంటారు. ఆ మాట వినకండి. ఈయన ఛార్జిషీట్ కోసం కూడా ఆగకుండా ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, కారు ఇన్సూరెన్స్ నకలుతో ఎంవీఓపీ, అంటే యాక్సిడెంట్ క్లెయిములు తేల్చే ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం పిటిషన్, వేసేశారు, మిగతావి తర్వాత దాఖలు చేశారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని కూడా లేదు, బాధితుడు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనూ వేసుకోవచ్చు. మాకు ఖమ్మంలోనే నడవడానికి కారణం అదే.

ఇక అసలు విషయం, వైకల్యం శాతం. ఇది అర్థం కాకే చాలామంది నష్టపోతారని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను. డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్‌లో కుడి కాలికి 30 శాతం అని ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లు ఏమన్నారంటే, అది కాలికి మాత్రమే, మొత్తం ఒంటికి లెక్కేస్తే 12 శాతమే, కాబట్టి సంపాదనలో నష్టం కూడా 12 శాతమే అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 2011లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. ఒంటికి ఎంత శాతం అన్నది ఒక్కటే చూసి ఆపకూడదు, ఆ మనిషి చేసే పనికి ఆ గాయం ఎంత అడ్డం అన్నది చూడాలి. ఎడమ చెయ్యి పోతే లెక్కలు రాసే గుమాస్తాకి వేరు, డ్రైవరుకి వేరు.

ఈ వకీలుగారు దాన్ని ఎలా చూపించారో చెప్పాలి. ఆఫీసులో బావని "ఏమయ్యా, టైల్ ఎలా వేస్తావో ఒకసారి కూర్చుని చూపించు" అన్నారు. బావ ఎడమ కాలు మడిచి, కుడి కాలు ముందుకి చాపి, ఒక చెయ్యి నేల మీద ఆనించి కూర్చున్నాడు. ఇంకో చేతిలో రసమట్టం పట్టుకుంటే సుత్తి పట్టుకోవడానికి చెయ్యి లేదు. టైల్స్ పనంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతుకూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతూ చేసేది, గొంతుకూర్చోలేనివాడికి ఆ పని లేనట్టే. ఆయన అది ఫొటోలు తీయించి, బావతో పాటు పనిచేసిన పెద్ద మేస్త్రిని సాక్షిగా పెట్టి, డాక్టరుని సాక్ష్యానికి పిలిచినప్పుడు "ఈ మోకాలితో గొంతుకూర్చుని పని చేయగలడా" అన్న ప్రశ్న సూటిగా అడిగారు. చేయలేడు అని డాక్టరు చెప్పిన మాట రికార్డులోకి ఎక్కింది.

ఆదాయానికి రుజువు ఇంకో తలనొప్పి. కూలీ పని చేసేవాడికి పే స్లిప్ ఎక్కడిది? పెద్ద మేస్త్రి దగ్గర సిమెంటు మరకలతో ఒక పొడుగు నోట్‌బుక్ ఉంది, అందులో ఎవరు ఎన్ని రోజులొచ్చారు, ఎంత ఇచ్చాడు అన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి. దాన్నీ, ఫోన్‌పేలో ఇంటి ఓనర్లు పంపిన డబ్బుల స్టేట్‌మెంటునీ కలిపి నెలకి 18,000 అని చూపించారు.

లెక్క మా ముందే కాగితం మీద వేశారు. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసుల వారీగా మల్టిప్లయర్ (ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో ఆ అంకె) ఖాయం చేసింది, 31 నుంచి 35 మధ్య అయితే 16. 2017లో ప్రణయ్ సేథీ తీర్పులో 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాళ్లకి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలపాలంది. శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకి కూడా అది వర్తిస్తుందని 2020లో ఇంకో తీర్పు వచ్చింది. అంటే నెలకి 18,000 చొప్పున ఏడాదికి 2,16,000, దానికి 40 శాతం కలిపితే 3,02,400, దాన్ని 16తో గుణిస్తే 48,38,400, అందులో సంపాదన నష్టం 30 శాతం అనుకుంటే 14,51,520. ఆసుపత్రి బిల్లులు, నొప్పికీ బాధకీ ఇచ్చేది, రాడ్ తీయించడానికి అయ్యేది వేరే. అవతలివాళ్లు నెలకి 12,000 అని, భవిష్యత్తు ఆదాయం కలపకుండా, 12 శాతంతో వేసిన లెక్క 2,76,480. ఒకే మనిషి, ఒకే కాలు. పెట్టిన కాగితాన్ని బట్టి, అడిగిన ప్రశ్నని బట్టి ఇంత తేడా వస్తుంది.

సాక్ష్యం మొదలవకముందు జరిగిన లోక్ అదాలత్‌లో (రెండు పక్షాలు రాజీపడితే కేసు తేల్చేసే చోటు) ఇన్సూరెన్స్ కంపెనీ అన్నీ కలిపి అయిదున్నర లక్షలు ఇస్తామంది. అప్పులు గుర్తొచ్చి బావ తలూపబోయాడు. వకీలుగారు పక్కకి తీసుకెళ్లి "తీసుకోవాలంటే తీసుకో, నీ డబ్బు నీ ఇష్టం, కానీ లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీల్ ఉండదు, ఇంటికెళ్లి మీ ఆవిడతో మాట్లాడి చెప్పు" అన్నారు. వద్దనుకున్నాం. డాక్టరు సాక్ష్యం అయ్యాక కంపెనీ వాళ్లే మళ్లీ మాటలకి వచ్చారు, 2025లో జరిగిన లోక్ అదాలత్‌లో 14 లక్షలకి రాజీ అయింది. తీర్పు దాకా వెళ్తే ఇంకాస్త వచ్చేదేమో గానీ, వాళ్లు హైకోర్టుకి వెళితే ఏళ్లు పడుతుందని ఆయనే చెప్పారు. ఈసారి తీసుకోమన్నారు, తీసుకున్నాం. అక్క నగలు విడిపించుకుంది. బావ ఇప్పుడు ఒక టైల్స్ షాపులో కొలతలు తీసుకునే పనికి వెళ్తున్నాడు, వెనకటి సంపాదనైతే లేదు.

మరి ఒక మార్కు ఎందుకు తగ్గించాను? ఫోన్ ఎత్తరు. సాయంత్రం ఏడు దాటాక ఆఫీసుకి వెళ్తే తప్ప ఆయన దొరకరు. వాయిదాలకి ఎక్కువగా జూనియరే వస్తాడు, తెలివైన కుర్రాడే, కానీ కేసు ఎందుకు వాయిదా పడిందో మనం అడిగితే గానీ చెప్పడు. పనులు మానుకుని వెళ్లినవాళ్లకి అది చాలా కష్టం. ఇంకోటి, ఫీజు ముందే ఇంత అని చెప్పి విడతలుగా తీసుకోవడం బాగుంది, వాటా అడగలేదు, కానీ నకళ్ల ఖర్చు, డాక్టరు కోర్టుకి వచ్చిన రోజు ఖర్చు వేరే అని ముందు చెప్పలేదు. పెద్ద మొత్తం కాదు, అయినా అప్పుల్లో ఉన్నవాళ్లకి ముందు చెప్పాలి కదా. మెట్ల సంగతి చెప్పానుగా, కింద ఒక కుర్చీ వేసి జూనియర్‌ని పంపినా సరిపోయేది.

ఫీజు కట్టే స్థోమత లేనివాళ్లు ముందు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఆదాయం తక్కువున్నవాళ్లకి వకీలుని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే క్లెయిమ్ లేదనుకోకండి, అలాంటి హిట్ అండ్ రన్ కేసుల్లో చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 ఇచ్చే కేంద్ర పథకం ఉంది. 2025 మే నుంచి ఇంకో పథకం వచ్చింది, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం చేస్తారు. అడ్మిషన్ కౌంటర్ దగ్గరే దాని గురించి అడగండి. మా బావకి ఆ రోజుల్లో ఇది ఉండి ఉంటే అక్క నగలు అన్నీ వెళ్లేవి కావు. గాయపడినవాడిని ఆసుపత్రికి చేర్చినవాళ్లని పేరు చెప్పమనీ సాక్ష్యానికి రమ్మనీ పోలీసులు బలవంతపెట్టకూడదని చట్టంలోనే ఉంది కాబట్టి, రోడ్డు మీద పడి ఉన్నవాళ్ల దగ్గర బండి ఆపడానికి భయపడకండి. బావని లేపి 108కి ఫోన్ చేసింది ఒక పాల వ్యాన్ డ్రైవరు, ఆయన పేరు మాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఆఫీసు ఎవరికి సరిపోతుందంటే, శాశ్వతంగా పని దెబ్బతిన్న గాయం ఉండి, కాగితాలు చిక్కుగా ఉండి, కొంచెం ఓపిక పట్టగలిగినవాళ్లకి. చిన్న దెబ్బ తగిలి బిల్లుల డబ్బు మాత్రం రావాలనుకునేవాళ్లకి ఇంత అక్కర్లేదు, న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే వకీలు చాలు. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్, ఎఫ్‌ఐఆర్, మందుల బిల్లులన్నీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి, విడివిడిగా కవర్లో కుక్కి తీసుకెళ్తే ఆయన సర్దుకుని రమ్మని వెనక్కి పంపేస్తారు.