బండి ఆపినప్పుడు వీడియో: ఎవరు తీస్తే మేలు?

సంక్రాంతి దగ్గరపడి భీమవరం, అమలాపురం రోడ్ల మీద తనిఖీలు పెరిగితే చాలు, అందరూ అడిగేది ఒకటే: "పోలీసులు బండి ఆపినప్పుడు వీడియో తీస్తే కేసు పెడతారా?"

తీయడం ఒక్కటే నేరం కాదు. రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయకూడదనే చట్టం మనకు లేదు. పోలీస్ స్టేషన్ సైతం అధికార రహస్యాల చట్టం కింద నిషేధిత ప్రదేశం కాదని, అంటే అక్కడ వీడియో తీసినా ఆ చట్టం కింద నేరం కాదని బొంబాయి హైకోర్టు 2022లో చెప్పింది. ఎదుర్లంక వంతెన దాటి యానాంలోకి వెళ్తే పుదుచ్చేరి పోలీసులుంటారు, అయినా ఈ చట్టాలు కేంద్రానివి కాబట్టి అక్కడా ఇదే లెక్క. ఇక తేల్చుకోవాల్సింది ఎలా తీయాలన్నదే.

ఎక్కువమంది చేసేది, బండి నడిపేవారే ఫోన్ ఎత్తి పట్టుకోవడం. నాకు అస్సలు నచ్చనిదీ అదే. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే, మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ అది. మన లైసెన్సేమో అదే ఫోన్‌లో, డిజిలాకర్‌లో ఉంటుంది! చూపించాలంటే వీడియో ఆపాలి, ఆపకపోతే కాగితాలు చూపలేదన్న మాట పడుతుంది. మాటామాటా పెరిగితే విధులకు అడ్డుపడ్డారని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 221వ సెక్షన్ రాయొచ్చు: మూడు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తోపులాట జరిగిందని రాస్తే 132వ సెక్షన్, రెండేళ్ల దాకా. ఏ పద్ధతి మంచిదో నేను తూచేది దీంతోనే: అడ్డుపడ్డారని రాయడానికి ఎంత తక్కువ చోటిస్తే అంత మేలు.

అందుకే బైకు మీదైతే వెనక కూర్చున్నవారు తీయాలంటాను. దిగి, నాలుగడుగులు పక్కకు జరిగి, నోరు మెదపకుండా తీయాలి. నడిపేవారి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, "ఇవిగో సార్" అని కాగితాలు ఇవ్వొచ్చు. ఫ్రేములో ఇద్దరూ పడతారు, తీసినవారు సాక్షిగానూ నిలబడగలరు. దూరం జరగమంటే జరగండి, ఎదురు వాదన వద్దు.

కారుకు డాష్‌క్యామ్ మంచిదే. ఎవరి చేతికీ పని ఉండదు, ఆపకముందు సిగ్నల్ దాటారో లేదో కూడా అందులో ఉంటుంది. కాకపోతే ఎక్కువ వాటికి ముందువైపే కన్ను, కిటికీ దగ్గర జరిగేది మాటగా వినబడుతుందంతే. కార్డు నిండితే పాతది చెరిగిపోతుంది, ఇంటికెళ్లగానే కాపీ చేసుకోవాలి. హెల్మెట్ కెమెరా, జేబులో ఆడియో రికార్డింగ్ గతిలేనప్పటి మాట.

ఎలా తీసినా అసలు ఫైలును, తీసిన ఫోన్‌ను భద్రంగా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం (కోర్టులో సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద కోర్టుకు కాపీ ఇవ్వాలంటే హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) సర్టిఫికెట్ కావాలి. వాట్సాప్‌లో చేతులు మారిన ముక్కను నమ్ముకోవద్దు.

ఒంటరిగా బైకు మీద వెళ్లేవారు కార్డు లైసెన్సు, ఆర్సీ జేబులో పెట్టుకోండి. బండి స్టాండ్ వేసి, అవి చేతికిచ్చాకే ఫోన్ తీయండి.