మంగోలియాలో ఒక పుట్టువెంట్రుకల వేడుక

జులైలో మంగోలియా వెళ్లేవారికి ముందే ఒక మాట. నాదమ్ అనే జాతీయ పండుగ 11 నుంచి 13 వరకు. ఆ రోజుల్లో రాజధాని ఉలాన్‌బాతర్‌లో గది దొరకడం కష్టం, దొరికినా అద్దె మండిపోతుంది. మా హోటల్ శుభ్రంగా ఉంది గానీ, పంపుతామన్న కారు మాత్రం రాలేదు. 2021లో తెరిచిన కొత్త విమానాశ్రయం నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. అర్ధరాత్రి పిల్లలతో అక్కడ రెండు గంటలు కూర్చున్నాం. కారు సంగతి బయలుదేరే ముందే రూఢి చేసుకోండి.

నగరానికి దగ్గర్లోని తెరెల్జ్ జాతీయ ఉద్యానంలో కొండలు, తాబేలు ఆకారపు బండ చూసి తీరాలి. అక్కడి పర్యాటక శిబిరం మాత్రం నాకు నచ్చలేదు. గెర్ అనే గుండ్రటి గుడారంలో మంచాలు, పొయ్యి అన్నీ ఉన్నాయి, మాట కలిపే మనిషే లేడు.

అసలు యాత్ర మా డ్రైవరు పుణ్యమా అని మొదలైంది. తన అక్క కొడుక్కి మూడో ఏడట, మొదటిసారి జుట్టు తీస్తున్నారట, రమ్మన్నాడు. మగపిల్లలకు బేసి ఏట, ఆడపిల్లలకు సరి ఏట చేస్తారని చెప్పాడు. మా చెల్లెలి కొడుక్కి మూడో ఏట వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలని అనుకుంటున్నాం. మేనమామగా వాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకోవాల్సింది నేనే. అందుకే వెంటనే సరేనన్నాను.

నగరం నుంచి పడమరగా 360 కిలోమీటర్లు వెళితే ఖర్ఖోరిన్ అనే ఊరు. అక్కడికి కొంచెం అవతల పచ్చిక బయల్లో వాళ్ల గెర్. గడప తొక్కకుండా లోపలికి వెళ్లి, అతిథులు కూర్చునే ఎడమ వైపు సర్దుకున్నాం. ఉప్పు వేసిన పాల టీ, ఎండబెట్టిన పెరుగు ముక్కలు, మీగడ వచ్చాయి. మాంసం తిననివారు పచ్చళ్లు, అటుకులు వెంట తీసుకెళ్లాలి. గుర్రప్పాలు పులియబెట్టిన ఐరగ్ గిన్నె ఇస్తే పెదవులకు తాకించి తిరిగి ఇవ్వవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

బాబు జుట్టు భుజాల దాకా ఉంది. పుట్టాక ఒక్కసారీ కత్తెర పడలేదు. కత్తెర పిడికి ఖదగ్ అనే నీలి పట్టు వస్త్రం కట్టారు. మొదటి కత్తిరింపు ఎవరిది పడితే వారిది కాదు. అక్కడ ఏడాదికో జంతువు పేరు ఉంటుంది; బాబు పుట్టిన జంతు సంవత్సరానికి పొసిగే సంవత్సరంలో పుట్టినవారిది. ఆ లెక్కన ఒక ముసలావిడ లేచింది. చిన్న కురుల పాయ తీసి, వాడి చెవి దగ్గర మెల్లగా ఏదో దీవెన చెప్పి, పాయను ఖదగ్‌లో పెట్టింది. తర్వాత తల్లి వాణ్ణి వరసగా ఒక్కొక్కరి ముందుకూ నడిపించింది. ప్రతివారూ ఒక పాయ, ఒక దీవెన, ఒక కానుక. వాళ్ల మామ గుర్రప్పిల్లను ఇచ్చాడు. కత్తెర నా దాకా వచ్చినప్పుడు వాడు తల వంచి, కదలకుండా నిలబడ్డాడు. నాకు వాళ్ల భాష రాదు. ‘చిరంజీవ’ అని తెలుగులోనే దీవించాను. పొద్దుగూకేసరికి తల ఎగుడుదిగుడుగా మిగిలింది. మిగతా జుట్టు తండ్రి గొరిగాడు.

మన ఇళ్లలో ఆ వెంట్రుకలు దేవుడికి సమర్పిస్తాం. ఇక్కడ ఖదగ్‌లో మూటగట్టి ఇంట్లోనే దాచారు.

కానుకగా కొత్త నోట్లు, బొమ్మలు చాలు. కుడి చేత్తో ఇవ్వాలి, ఎడమ చేయి మోచేతికి ఆనించాలి. ఫొటోలు తీసే ముందు తల్లిని అడగండి. ఆ రాత్రి వాళ్ల గెర్‌లోనే పడుకున్నాం. స్నానాల గది లేదు, పరుపు పలచన, వేసవిలోనూ తెల్లవారుజామున చలి. అయినా మొత్తం యాత్రలో నాకు హాయిగా నిద్రపట్టిన చోటు అదే.

మర్నాడు ఖర్ఖోరిన్‌లోని ఎర్దెనె జూ బౌద్ధ మఠానికి వెళ్లాం. 1585లో మొదలుపెట్టిన కట్టడం, చుట్టూ 108 స్తూపాల గోడ. ఒక పూట సరిపోతుందనుకున్నాం గానీ సరిపోలేదు. మళ్లీ వెళితే తెరెల్జ్‌కు ఒక్క పగలు కేటాయించి, ఖర్ఖోరిన్ వైపు నాలుగు రోజులు ఉంటాను. డ్రైవరును మాత్రం మార్చను.